పట్టికల్లో మన పేర్లు: కోర్టుకిచ్చే ఫైళ్లలో ఏది దాచాలి, ఎలా దాచాలి

(కౌన్సెలింగ్ కేంద్రాల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటినుంచి ఇక్కడ చట్టాల గురించీ తీర్పుల గురించీ మాట్లాడుకున్నాం. నాకిచ్చిన అంశం వాటి పక్కన పెడితే గుమస్తా పనిలా కనిపిస్తుంది. కోర్టుకో, కమిషన్‌కో, ఎదుటి పక్షం లాయరుకో మనం కాగితాలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు, అందులో బయటికి పోకూడని వివరాలు తీసేసి ఇవ్వడం ఎలా అన్నది నా అంశం. మరీ ముఖ్యంగా కంప్యూటర్‌లో ఉండే ఎక్సెల్ పట్టికల్లో. లాయర్లు దీన్ని రెడాక్షన్ అంటారు. పాతరోజుల్లో అయితే నల్లసిరాతో కొట్టేయడమే. నేను చాలా ఏళ్లుగా స్త్రీల కేసుల్లో లాయర్ల కోసం ఈ కాగితాలు చదివి, ఏది ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు అని వేరుచేసే పని చేస్తున్నాను. ఈ గుమస్తా పని సరిగ్గా జరగకపోతే ఏమవుతుందో చూశాను కనుకే ఇక్కడ నిలబడ్డాను.

ఒక కేసు చెప్తాను. సంస్థ పేరు, జిల్లా పేరు చెప్పను. ఒక స్త్రీ మనోవర్తి కోసం కేసు వేసింది. ఆమె ఆ సంస్థకు ఏయే రోజుల్లో వచ్చిందో రికార్డు చూసి ఇమ్మని కోర్టు అడిగింది. సంస్థ దగ్గర ఉన్నది ఒకే పట్టిక. మూడేళ్లలో గుమ్మం తొక్కిన స్త్రీలందరి వివరాలూ అందులోనే. ఆ పని చూసేవాళ్లు ఆమె పేరు మీద ఫిల్టర్ పెట్టారు. తెర మీద ఆరు వరసలు మిగిలాయి. సరిపోయిందనుకుని ఆ ఫైలునే పెన్‌డ్రైవ్‌లో వేసి లాయరుకిచ్చారు. లాయరు కోర్టుకిచ్చాడు, అక్కణ్నుంచి ఒక ప్రతి ఎదుటి పక్షానికి వెళ్లింది. అక్కడ కూర్చున్న కుర్రాడు ఫిల్టర్ తీసేశాడు. అంతే. అదే ఊరినుంచి, కులాంతర పెళ్లి విషయంలో ఇంట్లోంచి తప్పించుకుని వచ్చి, ఇంకో పట్నంలో హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి కొత్త చిరునామా ఆ పట్టికలో ఉంది. పదిరోజులు తిరక్కుండా ఆమె అన్నదమ్ములు ఆ హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డారు. వార్డెన్ గట్టి మనిషి కాబట్టి ఆ రోజు గడిచింది. అమ్మాయి ఉద్యోగమూ ఊరూ రెండూ మార్చుకోవాల్సి వచ్చింది. ఆ మనోవర్తి కేసుతో ఆమెకు ఏ సంబంధమూ లేదు. ఆ కేసు ఉందన్న సంగతి కూడా ఆమెకు తెలియదు.

మన దగ్గరకొచ్చిన ఒక స్త్రీ తరఫున పోరాడుతూ మనం ఇంకో స్త్రీని అప్పగించే ప్రమాదం ఇది. దీనికి దుర్మార్గం అక్కర్లేదు, తొందర చాలు.

పేరు దాచడం అన్న విషయానికి మన ఉద్యమంలో ఒక చరిత్ర ఉంది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీసుస్టేషన్‌లో అత్యాచారానికి గురైన స్త్రీ పేరు ఈ హాలులో చాలామందికి తెలుసు. ఆ కేసే ఆ పేరుతో ఉంది. మన పాటల్లో, కరపత్రాల్లో, తర్వాత రాసిన పుస్తకాల్లో అంతటా ఆ పేరే. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులది తప్పని తేల్చింది. కానీ ఆ విచారణలోనే ఆమె శీలం మీద, పాత జీవితం మీద ఎంత బురద జల్లారో, అదంతా ఆమె పేరుతోనే రికార్డయింది. చివరికి కేసు రాయచూరుకు బదిలీ అయి, పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ పేరు మనకు పోరాట చిహ్నం అయిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. పెట్టుకోమని ఆమెను అడిగింది ఎవరు? ఈ ప్రశ్న మనం వేసుకోవడానికి చాలాకాలం పట్టింది.

అదే కాలంలో మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలిక మీద పోలీసులు చేసిన అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు నిందితుల్ని వదిలేయడం, దాని మీద నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాయడం, దేశమంతా స్త్రీల సంఘాలు వీధుల్లోకి రావడం, వీటన్నిటి ఫలితంగా 1983లో అత్యాచార చట్టం మారింది. ఆ మార్పుల్లోనే శిక్షాస్మృతిలో 228-ఏ అనే సెక్షన్ చేరింది. అత్యాచార బాధితురాలి పేరు గానీ, ఆమె ఎవరో తెలిసిపోయే మరే వివరం గానీ ప్రచురించినవారికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి, ఇప్పుడది 72వ సెక్షన్. "పేరు గానీ" తర్వాత ఉన్న మాటలు గమనించండి. "ఆమె ఎవరో తెలిసిపోయే మరే వివరం గానీ." మన పట్టికల కష్టమంతా ఆ మాటల్లోనే ఉంది.

2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా విడమరచింది. పేరు రాయకుండా, ఆమెను గుర్తుపట్టేలా మిగతా సంగతులు రాయడం కూడా నేరమేనంది. పోలీసులు బాధితురాలి పేరున్న కాగితాల్ని వీలైనంతవరకు సీలుకవర్లో ఉంచి, పదిమంది చూసే రికార్డులో పేరు తీసేసిన ప్రతులు పెట్టాలని చెప్పింది. అంటే రెడాక్షన్ అనే పనిని ఆ తీర్పు నేరుగా చేయమంది. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. పిల్లల గుర్తింపు అంటే వాళ్ల కుటుంబం, బడి, బంధువులు, ఇరుగుపొరుగు కూడా అని 33వ సెక్షన్ వివరణలోనే రాశారు. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలోని 16వ సెక్షన్ ఫిర్యాదు చేసిన స్త్రీదే కాదు, సాక్షులది, ఆరోపణ ఎదుర్కొంటున్నవాడిది కూడా గుర్తింపు బయటపెట్టకూడదంటుంది.

చట్టం ఇంత చెప్తోంది కదా, మరి చిక్కెక్కడ? చిక్కు కాగితానికీ పట్టికకూ ఉన్న తేడాలో ఉంది. కాగితం మీద కనిపించేదే ఉంటుంది. ఎక్సెల్ ఫైలులో కనిపించేది వేరు, ఉండేది వేరు.

2023 ఆగస్టు 8న ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖ ఇదే తేడాలో పడింది. ఏ హోదాలో ఎంతమంది పోలీసులున్నారో చెప్పమని ఎవరో వాళ్ల సమాచార హక్కు చట్టం కింద అడిగారు. అడిగింది అంకెలు మాత్రమే. ఉద్యోగుల జాబితానంతా ఎక్సెల్‌లోకి దించుకుని, లెక్కలు కట్టి, కనిపించే అదనపు షీట్లు తీసేసి, ఫైలు పంపారు. దాగిన షీటు ఒకటి అందులో మిగిలిపోయింది. సుమారు 9,500 మంది ఉద్యోగుల ఇంటిపేర్లు, మొదటి అక్షరాలు, హోదా, పనిచేసే చోటు, అన్నీ రెండు మూడు గంటలపాటు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. అక్కడ పోలీసు అని తెలిస్తే కారుకింద బాంబు పెట్టే చరిత్ర ఉంది. ఇరుగుపొరుగుకు కూడా తమ ఉద్యోగం చెప్పుకోనివాళ్లున్నారు. ఆ జాబితా సాయుధ ముఠాల చేతికి చేరిందని కొద్దిరోజుల్లో పోలీసు అధిపతే ప్రకటించాడు. మరుసటేడు ఆ శాఖకు ఏడున్నర లక్షల పౌండ్ల జరిమానా పడింది.

పోలీసుల గోడు మనకెందుకు అంటారేమో. అదే నెలలో ఇంగ్లండులోని నార్ఫోక్, సఫోక్ పోలీసు శాఖలు ఇంకో సంగతి ఒప్పుకున్నాయి. సమాచారం అడిగినవాళ్లకు నేరాల లెక్కలు పంపినప్పుడు, ఆ ఫైళ్లలో పైకి కనిపించకుండా అసలు వివరాలు కూడా వెళ్లిపోయాయి. 1,230 మందివి. వాళ్లలో బాధితులున్నారు, సాక్షులున్నారు, అనుమానితులున్నారు. కేసుల్లో గృహహింస ఉంది, లైంగిక నేరాలున్నాయి. లెక్క అడిగితే మనుషులు వెళ్లారు. ఇక 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ రక్షణశాఖ ఉద్యోగి ఒకరు కొద్దిమంది పేర్లే పంపుతున్నాననుకుని పంపిన పట్టికలో, తాలిబన్ల భయంతో ఆశ్రయం కోరిన దాదాపు 19,000 మంది ఆఫ్ఘన్ల వివరాలున్నాయి. ఆ సంగతి ప్రజలకు తెలియకుండా కోర్టు ఉత్తర్వులతో 2025 జూలై దాకా దాచగలిగారు. పేర్లు దాచడం చేతకాని ప్రభుత్వానికి తప్పు దాచడం బాగానే చేతనయింది.

వాళ్ల దగ్గర నిపుణులున్నారు, డబ్బుంది. మన దగ్గర ఒక పాత కంప్యూటరు, నెలకు సగం జీతంతో పనిచేసే ఒక అమ్మాయి ఉంటుంది. అందుకని మనకు తెలివిగా చేసే మార్గాలకంటే మొరటుగా చేసే మార్గాలే మేలు.

ముందు, దాచడం అనుకుని మనం చేసే పనులు నిజంగా ఏం చేస్తాయో చూద్దాం. ఫిల్టర్ గురించి చెప్పాను. వరసను గానీ కాలమ్‌ను గానీ హైడ్ చేస్తే అది తలుపు దగ్గరికి వేయడమే, తాళం కాదు. గడిని నలుపు చేసి అక్షరాలు కూడా నలుపు చేస్తే, ఆ గడి మీద క్లిక్ చేసినవాళ్లకు పైనున్న ఫార్ములా పట్టీలో పేరు నిక్షేపంలా కనిపిస్తుంది. షీటుకు పాస్‌వర్డ్ పెట్టాం కదా అని కొందరంటారు. షీటు ప్రొటెక్షన్ అనేది పొరపాటున ఎవరూ మార్చకుండా పెట్టింది, చదవకుండా పెట్టింది కాదు. ఎక్సెల్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. మూట విప్పడం తెలిసినవాడికి లోపలి పేర్లు ఎక్సెల్ లేకుండానే చదవడం వస్తుంది.

పివట్ టేబుల్ ఇంకా మోసకారి. నిధులిచ్చే సంస్థలకు రిపోర్టు పంపడానికి మనందరం ఇది చేస్తాం: ఏ మండలం నుంచి ఎన్ని కేసులు, వరకట్నానివి ఎన్ని, అనుమానంతో కొట్టినవి ఎన్ని. అసలు పట్టికున్న షీటు తీసేసి ఈ లెక్క మాత్రం పంపితే చాలనుకుంటాం. పివట్ టేబుల్ తన కడుపులో అసలు వివరాల నకలు ఒకటి దాచుకుంటుంది. లెక్క ఉన్న గడి మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఆ లెక్కలోని స్త్రీలందరూ పేర్లతో సహా కొత్త షీటులో వచ్చి నిలబడతారు. 2012లో లండన్‌లోని ఇస్లింగ్టన్ కౌన్సిల్ ఇలాగే పివట్ టేబుళ్లతో రెండువేల మందికి పైగా జనం వివరాలు బయటపెట్టి జరిమానా కట్టింది. ఎక్సెల్‌లో గీసిన గ్రాఫును వర్డ్ రిపోర్టులో అతికించినా, అతికించే పద్ధతిని బట్టి పట్టిక మొత్తం దాని వెనకాల వెళ్లొచ్చు.

గడి మూలలో ఎర్రటి గుర్తుతో ఉండే కామెంట్లు మర్చిపోతాం. షీటు పేర్లు, ఫైలు పేరు మర్చిపోతాం. బాధితురాలి పేరంతా తీసేసి, ఫైలుకు మాత్రం ఆమె పేరే పెట్టి పంపిన సందర్భాలు నేను ఒకటికంటే ఎక్కువే చూశాను.

మరి ఏం చేయాలి? మొదటి నియమం, అసలు ఫైలును ముట్టుకోకూడదు. అది సాక్ష్యం. అందులో ఒక గడి మార్చినా రేపు ఎదుటివాళ్లు రికార్డు తారుమారు చేశారంటారు. అసలును ఒకచోట భద్రం చేసి, దానికి హ్యాష్ తీయించి పెట్టుకోండి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్రలాంటి ఒక పొడుగాటి గుర్తు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ గుర్తు మారిపోతుంది. 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ హ్యాష్ రాయాల్సిన గడి కూడా ఉంది. చెరిపిన ప్రతికి హ్యాష్ వేరుగా వస్తుంది, రావాలి కూడా. ఇది చెరిపిన ప్రతి అని స్పష్టంగా చెప్పి ఇస్తే ఏ ఇబ్బందీ లేదు.

రెండోది, అసలు ఫైలుకు నకలు తీసి, అందులోంచి అక్కర్లేనివి ఏరి తీసేసే పద్ధతి వదిలేయండి. ఏదో ఒకటి మిగిలిపోతుంది. దానికి బదులు ఖాళీగా ఉన్న కొత్త ఫైలు తెరిచి, అందులోకి ఇవ్వాల్సినవి మాత్రమే, విలువలుగా మాత్రమే అతికించండి. పేస్ట్ వాల్యూస్ అనే ఆప్షన్ అందుకే ఉంది. ఫార్ములాలు, పివట్‌లు, కామెంట్లు, దాగిన షీట్లు పాత ఇంట్లోనే ఉండిపోతాయి. ఇక్కడో మెలిక ఉంది. ఫిల్టర్‌తో దాగిన వరసలు కాపీలో రావు గానీ, చేత్తో హైడ్ చేసిన వరసలు, కాలమ్‌లు కాపీతోపాటు వచ్చేస్తాయి. కాబట్టి కాపీ చేసే ముందు దాగినవన్నీ బయటికి తీసి చూసుకోవాలి. ఎక్సెల్‌లో డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్ అని ఒకటుంది, చివర్లో దాన్ని నడపండి. కానీ దాన్నే నమ్ముకోకండి. నలుపు మీద నలుపు అక్షరాల్ని అది పట్టుకోదు.

పట్టిక చిన్నదైతే నా సలహా ఇంకా మొరటుది. అచ్చు వేయండి, కాగితం మీద కొట్టేయండి, వెలుతురుకు ఎత్తి చూడండి, మళ్లీ జిరాక్స్ తీసి ఆ జిరాక్స్ ఇవ్వండి. పీడీఎఫ్‌లో నల్లపెట్టె గీసి ఇస్తే పెట్టె కింద అక్షరాలు అలాగే ఉంటాయి. ఎలుకతో పట్టి లాగి కాపీ చేస్తే వచ్చేస్తాయి. కొందరు లాయర్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

తెలుగులో పనిచేసేవాళ్లకు ఉన్న కష్టం ఇంగ్లీషు పుస్తకాల్లో ఎక్కడా రాయరు. మన పాత ఫైళ్లు చాలా మటుకు అను ఫాంట్లలో టైపు చేసినవి. తెర మీద లక్ష్మి అని కనిపించినా లోపల ఉన్నవి వేరే అక్షరాలు. మీరు యూనికోడ్‌లో లక్ష్మి అని కొట్టి వెతికితే, దొరకలేదని చెప్తుంది. లేదు కాబోలని పంపించేస్తాం. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో తెరిస్తే లక్ష్మి అక్కడే ఉంటుంది. అదీగాక ఒకే మనిషి ఒకచోట లక్ష్మి, ఒకచోట లచ్చమ్మ, ఒకచోట ఇంగ్లీషు అక్షరాల్లో రెండుమూడు రకాల స్పెల్లింగుల్లో, ఇంకోచోట "పెద్ద కోడలు" అని ఉంటుంది. వెతికి మార్చే బటన్ ఇవన్నీ పట్టుకోలేదు. కళ్లతో వరసవరసా చదవాల్సిందే. ఒకరు చదివింది ఇంకొకరు చదవాలి.

పేర్ల స్థానంలో గుర్తులు పెట్టండి. ఖాళీగా వదిలితే అక్కడ అసలు ఏమీ లేదేమో అనిపిస్తుంది, కోర్టుకు అనుమానం వస్తుంది. ఒకే స్త్రీ మూడు షీట్లలో ఉంటే మూడుచోట్లా ఒకే గుర్తు ఉండాలి, లేకపోతే కథ తెగిపోతుంది. అయితే ఆ గుర్తులు పేర్ల అక్షరక్రమంలో ఇవ్వకండి, ఊహించడం తేలికైపోతుంది. ఏ గుర్తు ఎవరిదో రాసిన జాబితా కంప్యూటర్‌లో వద్దు. నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టండి. ఆధార్ అంకెలు, బ్యాంకు ఖాతాలు, ఫోన్ నంబర్లు కేసుకు అవసరం లేకపోతే పూర్తిగా తీసేయండి. అంకెల దగ్గర ఇంకో జాగ్రత్త. ఐదుగురికిచ్చిన సాయంలో ఒకరిది చెరిపి, కింద మొత్తం మాత్రం ఉంచితే, నాలుగు కలిపి మొత్తంలోంచి తీసేయడం అయిదో తరగతి లెక్క.

ఇప్పుడు కష్టమైన విషయానికొస్తాను. పేరు తీసేశాం. పట్టికలో ఇంకా ఏం మిగిలింది? మండలం, కులం, వయసు, పెళ్లయిన సంవత్సరం, పిల్లలెంతమంది, ఏం పని చేస్తుంది. ఒక వరసలో "అంగన్‌వాడీ టీచరు, ఇద్దరు ఆడపిల్లలు, భర్త ఆర్టీసీ డ్రైవరు" అని ఉంది. ఆ ఊళ్లో ఉన్నది ఒకటే అంగన్‌వాడీ. ఇంక పేరు తీసి ఏం లాభం? ఆశా వర్కరైనా, పొదుపు సంఘం లీడరైనా, ఊళ్లో ఉన్న ఒక్క దళిత క్రైస్తవ కుటుంబమైనా ఇంతే. ఇలాంటివి వేరువేరుగా చూస్తే ఏమీ చెప్పవు, పక్కపక్కన పెడితే ఇల్లు చూపిస్తాయి. సుప్రీంకోర్టు చెప్పిన "గుర్తుపట్టేలా చేసే సంగతులు" ఇవే. అందుకని వయసు బదులు ఇరవై నుంచి ముప్పై అని, ఊరు బదులు జిల్లా అని, వృత్తి బదులు ప్రభుత్వ పథకంలో పని అని మార్చుకోవాలి. ఎంత మార్చాలన్నది యంత్రం చెప్పదు. ఆ మండలం తెలిసిన కార్యకర్తే చెప్పగలదు. సిటీలో ఉన్న లాయరుకు "వెలివాడ చివరిల్లు" అనేది ఒక వర్ణన. మీకది చిరునామా.

ఇక రిమార్కుల కాలమ్. అన్నిటికంటే ప్రమాదం అక్కడే. మిగతా గడుల్లో ఒక్కో ముక్క ఉంటే, రిమార్కుల్లో మనం కథంతా రాసేస్తాం. "మేనమామ ఇంట్లో ఉంటోంది, మేనమామ ఫలానా బజార్లో టైలరు" అని రాస్తాం. ఆరోగ్య వివరాలు రాస్తాం. హెచ్ఐవి ఉందన్న సంగతి రాస్తాం, 2017 నాటి చట్టం ప్రకారం ఆమె అనుమతి లేకుండా అది బయటికి చెప్పకూడదు. ఇంకా, మన అభిప్రాయాలు రాస్తాం.

ఒక కేంద్రంలో ఒకమ్మాయి నన్నడిగింది: "అక్కా, ఆ రోజు నాకు ఆమె మాటలు పొంతన లేనట్టు అనిపించి అలాగే రాశాను. ఇప్పుడు కోర్టు ఆ రికార్డు అడిగింది. నేను రాసింది నేనే కొట్టేస్తే తప్పేంటి?" తప్పే. ఇక్కడ నేను మీలో చాలామందితో విభేదిస్తాను. రెడాక్షన్ అనేది మనకు నచ్చనిది తీసేయడం కాదు. కోర్టు ఒక స్త్రీ కేసు రికార్డు అడిగితే, ఆ కేసుకు సంబంధించిన మాట మన పక్షానికి నష్టం చేసేదైనా సరే, మనంతట మనం చెరపడానికి లేదు. మిగతా స్త్రీల వివరాలు, కేసుకు సంబంధం లేని ఆరోగ్య సంగతులు, ఇప్పుడున్న చిరునామా చెరపాలి. ఏ కాలమ్‌లో ఏం చెరిపామో, ఏ కారణంతోనో ఒక కాగితం మీద రాసి, దాన్ని లాయరు ద్వారా కోర్టుకు చెప్పాలి. జడ్జి చూడాలంటే చూసుకునేలా చెరపని ప్రతి సీలుకవర్లో సిద్ధంగా ఉంచాలి. ముద్దాయికి తన మీద ఉన్న సాక్ష్యం తెలుసుకునే హక్కుంది. రాజ్యం మన మీద కేసులు పెట్టినప్పుడు మనమూ అదే హక్కు అడుగుతాం.

లాయరుకూ కక్షిదారుకూ మధ్య జరిగే మాటలకు చట్టంలో రక్షణ ఉంది. మన సంస్థల్లో కౌన్సెలర్ రాసుకునే నోట్సుకు ఆ రక్షణ అదే విధంగా లేదు. ఇది మీరు రాసేటప్పుడే గుర్తుంచుకోవాలి. ఆమె చెప్పింది ఒక కాలమ్‌లో, మనం చూసింది ఇంకో కాలమ్‌లో రాయండి. మన ఊహలు పట్టికలో రాయొద్దు. చిరునామాలు వేరే ఫైలులో పెట్టుకోండి. ఒక్కో స్త్రీకి ఒక్కో షీటు కాదు, ఒక్కో ఫైలు. అప్పుడు కోర్టు ఒక్కరిది అడిగితే ఒక్కరిదే ఇవ్వగలం. రాసే రోజున పది నిమిషాలు ఎక్కువ పడితే, చెరిపే రోజున పదిరోజులు మిగులుతాయి.

ఇదంతా మన ఇంటి సంగతి. అవతలి ఇంటి సంగతి కూడా చెప్పాలి. సమాచార హక్కు చట్టం 10వ సెక్షన్ ప్రకారం, ఒక కాగితంలో ఇవ్వకూడని భాగం ఉంటే అంతవరకు తీసేసి మిగతాది ఇవ్వాలి. ఆ చట్టం కింద మన మిత్రులు తెప్పించిన కాగితాలు కొన్ని నేను చదివాను. ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు, తండ్రి పేరు, ఊరు బాగా కనిపిస్తున్నాయి. ఆ ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపిన అధికారి పేరు మీద మాత్రం నల్లసిరా. ఎవరి గుర్తింపు విలువైనదో ఆ సిరాకు తెలుసు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) క్లాజును మార్చేసింది. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ క్లాజులోనే ఉన్న మాటలు పోయాయి. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. 8(2)లో ప్రజాప్రయోజనం మాట ఇంకా మిగిలే ఉంది కాబట్టి, అధికారుల పేర్లు చెరిపి కాగితాలిచ్చినప్పుడు అప్పీలులో దాన్నే పట్టుకోండి. స్త్రీల ఏకాంతం కోసం మనం తెచ్చిన వాదనను అధికారులు గొడుగులా పట్టుకుంటుంటే మనం చూస్తూ ఊరుకోనక్కర్లేదు.

చివరిగా, ఎవరిని అడగాలన్న మాట. పట్టికలో ఏది దాచాలో మనం, లాయరు కూర్చుని నిర్ణయించేస్తాం. వీలైన ప్రతిసారీ ఆ స్త్రీకి చెరిపిన ప్రతి చదివి వినిపించండి. మనకు తట్టనిది ఆమెకు తడుతుంది. ఒకావిడ అంతా విని, "ఆ తేదీ తీసెయ్యమ్మా, ఆ రోజు మా ఊళ్లో జాతర, ఆ రోజు ఊరు దాటి వచ్చింది నేనొక్కదాన్నే, అందరికీ గుర్తే" అంది. ఆ తేదీ మాలో ఎవరి కంటికీ ఆనలేదు. కొందరు స్త్రీలు తమ పేరు ఉంచమనే అంటారు. వయసొచ్చి, ఆలోచించి, రాసి సంతకం పెట్టిస్తే చట్టం కూడా ఒప్పుకుంటుంది. వాళ్ల పేరు మీద సిరా పోసే హక్కు మనకూ లేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్క గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టాం. వాటిలో ఉన్న పట్టికలు కల్పించినవి, అందులోని మనుషులెవరూ నిజం కాదు. ఒక్కో ఫైలులో ఏడు చోట్ల ఒక స్త్రీ పేరు దాచిపెట్టాం. ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు ఎదుటి పక్షం గుమస్తా అనుకుని ఆమెను వెతకండి, ఇంకొకరు ఎక్కడ దొరికిందో రాసుకోండి. కిందటి తరగతిలో ఏడూ పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఒకటి అను ఫాంటులో ఉందని ముందే చెప్తున్నాను.